మలబద్ధకంతో మొదలయ్యే పక్షవాతం

"బిడ్డ మూడు రోజులుగా దొడ్డికి పోలేదు సార్."

తిరుపతిలో ఏ పిల్లల డాక్టరు దగ్గరైనా ఈ మాట వినపడని రోజు ఉండదు. దాదాపు ఎప్పుడూ భయపడాల్సిందేమీ ఉండదు కూడా. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ నెలన్నర దాటాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం కూడా పోకుండా ఉండొచ్చు. పాలు ఎప్పటిలా లాగుతూ, కాళ్ళు తన్నుతూ, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తూ, చివరికి పోయినప్పుడు మెత్తగా పోతే అది జబ్బు కాదు. తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెట్టాల్సిన పనీ లేదు, సబ్బుముక్కతో పొడవాల్సిన పనీ లేదు.

ఈ టపా అలాంటి బిడ్డ గురించి కాదు. మలం ఆగిన రెండు మూడు రోజులకు పాలు లాగడం మందగించి, ఏడుపు పిల్లికూన కూతలా సన్నబడి, రెప్పలు సగానికి వాలి, మొన్నటిదాకా నిలబెట్టిన మెడను వాల్చేసే బిడ్డ గురించి. ఒళ్ళు ముట్టుకుంటే జ్వరం ఉండదు. ఆ జబ్బు పేరు శిశు బాటులిజం. మన దేశంలో నమోదైన కేసులు చాలా తక్కువ. అందువల్లే ఇది ఎవరి తలలోనూ ముందుగా మెదలదు. మొదటి లక్షణం మలబద్ధకం కావడంతో మొదటి వారం గ్రైప్ వాటర్‌తోనూ ఆముదంతోనూ గడిచిపోతుంది.

లోపల ఏం జరుగుతుందంటే

క్లాస్ట్రిడియం బాటులినమ్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. గాలి తగిలితే పెరగలేదు కాబట్టి గట్టి పెంకు లాంటి తొడుగు కట్టుకుని బీజంగా మారి నిద్రపోతుంది. ఈ బీజాలను మనమంతా తెలియకుండా ఎన్నోసార్లు మింగి ఉంటాం. పెద్దల పేగుల్లో అప్పటికే స్థిరపడిన కోట్ల సూక్ష్మజీవులు వీటికి చోటివ్వవు, వచ్చిన దారినే పోతాయి. నెలల బిడ్డ పెద్దపేగులో ఆ కాపలా ఇంకా కుదురుకోలేదు. అక్కడ బీజం మొలకెత్తి, పెరిగి, అక్కడే విషం తయారుచేస్తుంది. పాడైన ఆహారంలో తయారైన విషాన్ని పెద్దవాళ్ళు తినడం వల్ల వచ్చే బాటులిజానికీ దీనికీ తేడా ఇదే. బిడ్డ మింగింది విషం కాదు, విత్తనం. అందుకే లక్షణాలు తెల్లారేసరికి కనపడవు. మింగిన 3 నుంచి 30 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నెల కిందట నాలుకకు రాసిన తేనె ఎవరికి గుర్తుంటుంది?

ఆ విషం నరం చివర, కండరాన్ని తాకే చోట కూర్చుంటుంది. కండరాన్ని కదలమని చెప్పే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరం నుంచి బయటపడటానికి కొన్ని ప్రోటీన్లు కావాలి. విషం వాటిని కత్తిరించేస్తుంది. నరం బాగానే ఉంటుంది, కండరం బాగానే ఉంటుంది, మధ్యలో కబురు ఆగిపోతుంది. మెదడు మీద ప్రభావం ఉండదు కాబట్టి బిడ్డకు తెలివి పూర్తిగా ఉంటుంది. చూస్తుంది, వింటుంది, ఆకలేస్తుంది. ముఖం మాత్రం కదలదు. బిడ్డ మందకొడిగా ఉందని మనం అనుకునేది నిజానికి కదల్లేకపోవడం.

ఈ జబ్బును వేరే జబ్బుగా మొదట గుర్తించింది 1976లో కాలిఫోర్నియాలో. ఏడాదిలోపు బిడ్డలకే వస్తుంది, అందులోనూ నూటికి తొంభై ఐదు మంది ఆరు నెలల్లోపు వాళ్ళే. రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య ఎక్కువ.

తేనె సంగతి

బీజాలు మట్టిలో ఉంటాయి, దుమ్ములో ఉంటాయి. ఇంటి పక్కన పునాది తవ్వుతుంటే ఆ దుమ్ములోనూ ఉండొచ్చు. బిడ్డకు దుమ్ము తగలకుండా పెంచడం ఎవరి వల్లా కాదు, చాలా కేసుల్లో బీజం ఎక్కణ్ణుంచి వచ్చిందో చివరికీ తేలదు. 2025 చివర్లో అమెరికాలో ఒక కంపెనీ పాలపొడి తాగిన పదుల మంది పసిబిడ్డలకు ఈ జబ్బు వచ్చింది. అలాంటిది తల్లిదండ్రుల చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్నది, ఖచ్చితంగా ఆపగలిగేది ఒక్కటే. తేనె.

తేనెలో నీళ్ళు ఐదో వంతు కూడా ఉండవు, పైగా పుల్లటి గుణం. అందులో బీజం మొలకెత్తదు, చావదు కూడా. అలా పడి ఉంటుంది, అంతే. తేనె "స్వచ్ఛమైనదా" అన్న ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు. తలకోన వైపు అడవి నుంచి తెచ్చి కళ్ళముందే పట్టు పిండి ఇచ్చిన కొండ తేనె అయినా, అగ్‌మార్క్ ముద్ర ఉన్న సీసా తేనె అయినా, జుంటి తేనె అయినా బీజాల లెక్కలో ఒకటే. కల్తీ లేని తేనె అంటే బీజాలు లేని తేనె అని కాదు.

కాచితే పోదా? పోదు. బీజాలు మరిగే నీళ్ళలో, అంటే 100 డిగ్రీల దగ్గర, గంటల తరబడి బతుకుతాయి. చావాలంటే ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడి మూడు నిమిషాల దాకా తగలాలి, డబ్బా ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీలు చేసేది అదే. గోరువెచ్చని పాలలో కలిపితే, సన్నమంట మీద వేడిచేస్తే బీజానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. విషం మాత్రం వేడికి లొంగుతుంది, 85 డిగ్రీల్లో ఐదు నిమిషాలకు చెడిపోతుంది. ఈ రెండిటినీ కలిపేసుకుని "కాచాం కదా" అనుకునేవాళ్ళు చాలామంది. తేనెలో ఉండేది బీజం.

"తేనె ఇచ్చారా?" అని అడిగితే ఎక్కువమంది తల్లులు లేదనే చెబుతారు, అబద్ధం కాదు. వాళ్ళ లెక్కలో తేనె ఇవ్వడం అంటే చెంచాతో తాగించడం. అందుకని అడగాల్సిన తీరు వేరు. పుట్టిన రోజున బంగారు ఉంగరాన్ని తేనె, నెయ్యిలో ముంచి నాలుకకు తాకించారా? మాటలు త్వరగా వస్తాయని జేజి (నాన్నమ్మ) వసకొమ్మును సాన మీద తేనెతో అరగదీసి రాసిందా? దగ్గుకు సితోపలాది చూర్ణమో తులసి రసమో తేనెలో కలిపి నాకించారా? పాలపీక చివర తీపి అంటించారా? కాణిపాకంలోనో శ్రీకాళహస్తిలోనో అభిషేకం చేసిన పంచామృతాన్ని వేలితో తీసి బిడ్డ పెదవులకు రాశారా? పంచామృతంలో ఐదింట ఒకటి తేనె. 2018లో అమెరికాలో టెక్సాస్‌లో నలుగురు బిడ్డలకు ఈ జబ్బు వచ్చింది. మెక్సికో నుంచి తెచ్చిన, లోపల తేనె నింపిన పాలపీకలు వాడారు. పరిమాణం అడ్డం కాదు. పదుల సంఖ్యలో బీజాలు చాలు, వేలి చివర అంటినంత తేనెలో అన్ని ఉండొచ్చు.

ఆచారాన్ని మానేయమని జేజితో పోట్లాడాల్సిన పని లేదు, తేనెను మాత్రం తీసేస్తే సరిపోతుంది. ఉంగరానికి తల్లిపాల చుక్క అంటించి తాకించవచ్చు. పంచామృతాన్ని కళ్ళకద్దుకుని బిడ్డ నుదుటికి కాస్త తడి తగిలించి, మిగతాది పెద్దవాళ్ళు తీసుకోవచ్చు. అన్నప్రాశనం ఆరో నెలలో చేస్తారు కాబట్టి ఆ రోజు పాయసంలో, పరమాన్నంలో తేనె పడకుండా వంటవాడికి ముందే చెప్పాలి. బెల్లంతో, పంచదారతో ఈ చిక్కు లేదు (బిడ్డకు తీపి అవసరమా అన్నది వేరే సంగతి). వస గురించి కూడా ఒక మాట. తేనె లేకుండా ఇచ్చినా వాంతులు, మత్తు తెస్తుంది. మాటలు తెస్తుందని నిరూపణ లేదు.

పాలిచ్చే తల్లి తేనె తినొచ్చా అని అడుగుతారు. తినొచ్చు. బీజాలు గానీ విషం గానీ పాలలోకి రావు. తల్లికి పెట్టే కాయం ఉండల్లో తేనె ఉన్నా బిడ్డకు ఇబ్బంది లేదు, ఆ చేతితోనే బిడ్డ నోట్లో వేలు పెట్టకుంటే చాలు. సరిగ్గా ఏడాది నిండాక తేనె ఇవ్వొచ్చు. పదకొండో నెల "దాదాపు ఏడాది" కాదు.

ఇంట్లో చూడగలిగినవి

బలహీనత తల నుంచి కిందికి దిగుతుంది, రెండు వైపులా ఒకేలా. మొదట కళ్ళు, ముఖం, గొంతు, తర్వాత మెడ, ఆ తర్వాత చేతులు, ఛాతీ, కాళ్ళు. కాబట్టి కాళ్ళు తన్నుతున్నాడు కదా అని ధైర్యపడకూడదు. చూడాల్సింది పైన.

అందరికంటే ముందు తెలిసేది తల్లికే, అదీ తన ఒంట్లో. పాలిచ్చిన తర్వాత కూడా రొమ్ము బరువుగా, గట్టిగా మిగిలిపోతుంది. బిడ్డ నోరు పెడతాడు, నాలుగు సార్లు లాగుతాడు, అలిసిపోయి వదిలేస్తాడు. ఆకలి తీరి వదలడం కాదు. రెండు రోజుల్లో పాలు గడ్డకట్టినట్టు నొప్పి మొదలైతే ఇంట్లోవాళ్ళు తల్లికి కాపడం పెడతారు, బిడ్డ వైపు చూడరు.

చేతులు శుభ్రంగా కడుక్కుని చిటికెన వేలు బిడ్డ నోట్లో పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ వేలిని నాలుకతో చుట్టి అంగిలికి నొక్కి లాగుతాడు, వేలు వెనక్కి తీయాలంటే కాస్త బలం కావాలి. ఈ జబ్బులో నాలుక మెత్తగా వేలి కింద పడి ఉంటుంది, ఒకటి రెండు సార్లు లాగి ఆగిపోతుంది. నోటి చివర చొంగ కారుతూ ఉంటుంది, పళ్ళొస్తున్నాయని అనుకుంటారు. నిజానికి మింగలేక కారుతున్నది అది.

పడుకున్న బిడ్డ రెండు చేతులూ పట్టుకుని నెమ్మదిగా పైకి లేపి చూడండి. మూడు నాలుగు నెలల బిడ్డ తల కాస్త వెనకపడినా వెంట వస్తుంది. నిన్నటిదాకా అలా వచ్చిన తల ఈరోజు నీళ్ళకుండలా వెనక్కి వేలాడితే అదొక్కటే చాలు, ఆసుపత్రికి పోవాలి. ఒక్కసారి చూడండి చాలు, మళ్ళీ మళ్ళీ లేపి పరీక్షించకండి.

కళ్ళ పరీక్ష డాక్టర్లు చేయాల్సింది, అయినా ఇక్కడ రాస్తున్నాను. చాలాచోట్ల టార్చి ఒక్కసారి కొట్టి "కంటిపాపలు బాగున్నాయి" అని రాసేస్తారు. ఈ జబ్బులో మొదటిసారి కంటిపాప చురుగ్గానే ముడుచుకోవచ్చు. మసక గదిలో వెలుగు వేయాలి, పాప ముడుచుకోగానే తీసేయాలి, విప్పారనివ్వాలి, మళ్ళీ వేయాలి. ఇలా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగకుండా చేస్తే పాప అలిసిపోయి, ముడుచుకోవడం నెమ్మదిస్తుంది. జబ్బు అసలు గుణం అలసట, దాన్ని అలిసేదాకా చూస్తేనే పట్టుకోగలం.

ఫోన్లో వీడియో తీసి ఉంచండి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు. పది రోజుల కిందటి వీడియో ఎలాగూ ఉంటుంది. రెండూ పక్కపక్కన చూపిస్తే డాక్టరుకు అరగంట మాటల్లో చెప్పేదానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: చివరిసారి దొడ్డికి పోయిన రోజు, గత రెండు రోజుల్లో ఎన్నిసార్లు పాలు తాగాడు, ఎన్నిసార్లు ఒంటికి పోయాడు, గత నెల రోజుల్లో తల్లిపాలు కాక నోటికి ఏమేం తగిలింది.

వేరే ఏమై ఉండొచ్చు

ఇది నిజంగా తికమక పెట్టే భాగం. ఎక్కువసార్లు ముందు అనుమానించేది రక్తంలో ఇన్ఫెక్షన్. పాలు తాగడం లేదు, కదలిక తగ్గింది అంటే ఎవరైనా అదే అనుకుంటారు, అనుకోవాలి కూడా, ఎందుకంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. తేడా ఏమిటంటే రక్తపరీక్ష, వెన్నునీరు, మెదడు స్కాన్ అన్నీ మామూలుగా వస్తాయి, బిడ్డ మాత్రం రోజు రోజుకీ వాలిపోతుంటాడు. రిపోర్టులన్నీ నార్మల్ అని ఊరట పడకూడదు, అదే ఒక సూచన.

మన జిల్లాల్లో మర్చిపోకూడనిది కట్లపాము. పల్లెల్లో తల్లీబిడ్డా నేల మీద చాప పరుచుకుని పడుకుంటారు. కట్లపాము కాటు నొప్పి ఉండదు, గాటు కూడా చాలాసార్లు కనపడదు. రెప్పలు వాలడం, గొంతు పడిపోవడం, ఊపిరి అందకపోవడం అచ్చం ఇలాగే పైనుంచి కిందికి వస్తాయి. వేగంలో తేడా. రాత్రి పదింటికి బాగా పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లారేసరికి ఇలా ఉంటే పాము కాటును ముందు ఆలోచించాలి, నిమిషం ఆలస్యం చేయకూడదు. బాటులిజం రోజుల్లో దిగుతుంది, దాని ముందు మలబద్ధకం ఉంటుంది. పాము విషానికి ఇచ్చే విరుగుడు బాటులిజం మీద పనిచేయదు.

టమాటా తోటల్లో, మామిడి తోటల్లో కొట్టే పురుగుమందు తగిలిన బిడ్డ కూడా నీరసంగా, చొంగ కారుస్తూ వస్తాడు. అక్కడ అన్నీ తలకిందులు. కంటిపాపలు సూదిమొనంత ముడుచుకుపోతాయి, చెమటలు, విరేచనాలు ఉంటాయి. బాటులిజంలో పాపలు విప్పారి ఉండొచ్చు, మలం బిగుసుకుంటుంది.

వెన్నెముక కండర క్షీణత, అంటే ఎస్ఎంఏ ఉన్న బిడ్డ కూడా మెత్తగా ఉంటాడు. కానీ ఆ బిడ్డ ముఖం చూడండి, కళ్ళు మెరుస్తూ, నవ్వుతూ ఉంటాడు. నాలుక సన్నగా వణుకుతుంది. వారాలు, నెలల మీద వచ్చే జబ్బు అది. పోలియోలో జ్వరం ఉంటుంది, ఒక కాలు ఒకలా మరో కాలు ఒకలా ఉంటుంది. 2014లో మన దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు కానీ నిఘా ఆగలేదు. పదిహేనేళ్ళలోపు పిల్లల్లో హఠాత్తుగా వచ్చే ఏ మెత్తటి పక్షవాతమైనా రిపోర్టు చేయాలి, 24 గంటల తేడాతో రెండు మలం నమూనాలు పంపాలి. ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలుంది. మలం పంపేశాం కదా అనుకుంటారు. ఆ నమూనాలో వెతికేది వైరస్‌ను. బాటులిజం విషం కోసం విడిగా అడగాలి, విడిగా పంపాలి.

దారిలో, ఆసుపత్రిలో

చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు నుంచి తిరుపతికో వేలూరుకో బయల్దేరేటప్పుడు బిడ్డ ప్రాణం మెడ వంపులో ఉంటుంది. కారు వెనక సీటులో ఒళ్ళో కూర్చోబెడితే గడ్డం ఛాతీకి ఆనుకుని గాలిగొట్టం మడతపడుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, తల వైపు 30 డిగ్రీలు ఎత్తు చేసి, మెడ కింద చిన్న తువ్వాలు చుట్టి పెట్టండి, తల కాస్త వెనక్కి వాలేలా. దారిలో పాలు పట్టొద్దు, చెంచాతో నీళ్ళు పోయొద్దు. మింగలేని బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108లో పొండి. పిల్లల ఐసీయూ, చిన్నపిల్లల వెంటిలేటర్ ఉన్నాయా అని ముందే ఫోన్ చేసి అడగండి. కుప్పం నుంచి తిరుపతి మూడు నాలుగు గంటల దారి, రెండో ఆసుపత్రికి మళ్ళీ మార్చే వెసులుబాటు ఉండదు.

ఇక డాక్టర్లకూ నర్సులకూ చెప్పాల్సింది. రెండు నెలల్లోపు బిడ్డ పాలు తాగడం లేదంటే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పాటించే పద్ధతి ప్రకారం రిఫర్ చేసే ముందు ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదటి డోసు ఇస్తారు. ఆ పద్ధతి ఎన్నో ప్రాణాలు కాపాడుతోంది, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ జెంటామైసిన్, అమికాసిన్ జాతి మందులకు నరానికీ కండరానికీ మధ్య కబురును ఇంకా తగ్గించే గుణం ఉంది. బాటులిజం ఉన్న బిడ్డకు అవి పడితే మెల్లగా దిగుతున్న పక్షవాతం గంటల్లో ఊపిరి ఆపే దాకా పోవచ్చు. రెప్పలు వాలి, జ్వరం లేకుండా, మలబద్ధకంతో వచ్చిన బిడ్డకు ఇన్ఫెక్షన్ అనుమానం కూడా ఉంటే యాంటీబయాటిక్ ఆపకండి, సెఫోటాక్సిమ్ లాంటిది ఎంచుకోండి. తల్లిదండ్రులు ఇంజెక్షన్ వద్దని అడ్డుపడకూడదు. "బాటులిజం అనుమానం ఉంది, జెంటామైసిన్ బదులు వేరేది కుదురుతుందా" అని అడగడం వరకే. బాటులిజం ఒక్కటే అయితే యాంటీబయాటిక్ వల్ల లాభం లేదు. పేగుల్లో బ్యాక్టీరియా పగిలి విషం ఎక్కువ బయటపడుతుందన్న భయం ఉంది. మలబద్ధకానికి మెగ్నీషియం ఉన్న మందులు కూడా వద్దు, జెంటామైసిన్ లాగే అవీ నరానికీ కండరానికీ మధ్య కబురును తగ్గిస్తాయి.

వెన్నునీరు తీసేటప్పుడు బిడ్డను చుట్టచుట్టి మెడ వంచుతారు. స్కాన్ కోసం మత్తు ఇస్తారు. ఈ రెండు చోట్లా ఊపిరి ఆగిన బిడ్డలున్నారు. చేయక తప్పకపోతే మెడ వంచకుండా, ఊపిరి చూసే మనిషిని పక్కన పెట్టుకుని చేయాలి. ఆక్సిజన్ మీటరు 97 చూపిస్తోంది కదా అని కూర్చోవడం మరో ఉచ్చు. ఊపిరి నిస్సారమైనా మీటరు చాలాసేపు బాగానే చూపిస్తుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ ఉంటుంది. గొంతులో ఏదైనా తగిలితే ఓకరించే గుణం పోయి, దగ్గు పోతే మీటరు పడేదాకా ఆగకుండా ముందే ఊపిరి గొట్టం వేయాలి. ఆసుపత్రిలో చేరిన బిడ్డల్లో దాదాపు సగం మందికి వెంటిలేటర్ అవసరమవుతుంది.

నిర్ధారణ మలంలో విషం దొరకడంతో జరుగుతుంది. చిక్కు తెలిసిందే, బిడ్డ దొడ్డికి పోడు. నిలవ మందులేమీ కలపని స్టెరైల్ నీళ్ళతో, 30 మిల్లీలీటర్లు మించకుండా ఎనిమా ఇచ్చి తీయాలి. గ్లిజరిన్ సపోజిటరీ పెట్టకూడదు, పరీక్షకు అడ్డొస్తుంది. డబ్బా బిగించి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, గడ్డకట్టించకూడదు. పరీక్షను ఎలుకల్లో చేస్తారు, నాలుగు రోజుల దాకా పట్టొచ్చు. అందువల్ల చికిత్స ఫలితం కోసం ఆగదు, పడక పక్కన చూసిన దాన్ని బట్టే మొదలవ్వాలి.

విరుగుడు మందు ఉంది. బాటులినమ్ విషానికి టీకా తీసుకున్న మనుషుల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు, బేబీబిగ్ అని పిలుస్తారు, అమెరికా ప్రభుత్వం 2003లో అనుమతి ఇచ్చింది, కాలిఫోర్నియా ప్రజారోగ్య శాఖ దాన్ని సరఫరా చేస్తుంది. 1992 నుంచి 1997 దాకా అక్కడ 122 మంది బిడ్డల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి: సగటు ఆసుపత్రి వాసం 5.7 వారాల నుంచి 2.6 వారాలకు తగ్గింది, ట్యూబుతో పాలు పట్టాల్సిన కాలం 6.4 వారాలు తగ్గింది. రక్తనాళంలోకి ఒక్క డోసు. ఇప్పటికే నరంలోకి దూరిన విషాన్ని అది ఏమీ చేయలేదు, ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టేస్తుంది, అందుకే ఎంత ముందు పడితే అంత మేలు. మన ఆసుపత్రుల ఫార్మసీలో నిలవ ఉండే మందు కాదు ఇది. తెప్పించాలంటే చికిత్స చేసే డాక్టరే కాలిఫోర్నియా వాళ్ళతో నేరుగా మాట్లాడాలి. అనుమానం వచ్చిన గంటే ఆ ఫోన్ చేయాలి, రిపోర్టు వచ్చిన రోజు కాదు.

మందు రాకపోయినా బిడ్డ బతుకుతాడు, ఈ మాట తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాలి. మంచి ఐసీయూలో చేరిన వాళ్ళలో చనిపోయేవాళ్ళు నూటికి ఒకరి కంటే తక్కువ. వెంటిలేటర్, గొంతులో చొంగ తీయడం, ముక్కు గొట్టం ద్వారా తల్లిపాలు, ఇవే చికిత్స. సెలైన్‌తో ఆహారం ఎక్కించడం కంటే గొట్టంలో తల్లిపాలు మేలు. తల్లి రోజుకు ఏడెనిమిది సార్లు పాలు పిండి ఇస్తుండాలి, లేదంటే బిడ్డ కోలుకునేసరికి పాలు ఆరిపోతాయి. మూత్రం నిలిచిపోతోందా అని చూడాలి, రెప్పలు పూర్తిగా మూసుకోకపోతే కళ్ళకు చుక్కలు వేయాలి. బిడ్డకు తెలివుందని ఒకటికి రెండుసార్లు గుర్తుచేసుకోవాలి. తల్లి గొంతు వినిపిస్తూ ఉండాలి, ముఖం కదలకపోయినా.

విషం తగిలిన నరం చివర మళ్ళీ కొత్త కొసలు మొలుస్తాయి. అందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బిడ్డ మునుపటిలా అవుతాడు, తెలివికి లోటు ఉండదు. ఇంటికి పంపేముందు మింగుతున్నాడా, దగ్గుతున్నాడా అన్నవి చూడాలి. వెంటిలేటర్ తీసేసినంత మాత్రాన సరిపోదు.

ఇంటికొచ్చాక కూడా మలంలో బ్యాక్టీరియా, విషం వారాలు, నెలలు వస్తూ ఉండొచ్చు. డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. చేతికి తెగిన గాయం ఉంటే గ్లౌజు వేసుకోవాలి, లేదా ఆ పని ఇంకొకరికి ఇవ్వాలి. బేబీబిగ్ ఇచ్చి ఉంటే తొమ్మిదో నెల మీజిల్స్ రుబెల్లా టీకాను ఎప్పుడు వేయాలో డాక్టరును అడిగి కార్డు మీద రాయించుకోండి, అంగన్‌వాడీలో మామూలు తేదీకి వేయించేయకండి. మలబద్ధకం మాత్రం చేతులూ కాళ్ళూ ఆడుతున్నా, మెడ నిలిచినా ఇంకొన్నాళ్ళు ఉంటుంది. దానికి డాక్టరు చెప్పిన మోతాదులో లాక్ట్యులోజ్ చాలు.